సూపర్‌జాప్‌ను ఎవరెవరు నడపగలరు?

పెద్ద సంస్థల లెక్కలు నడిపే భారీ కంప్యూటరైన మా మెయిన్‌ఫ్రేమ్ భద్రతను పరిశీలించడానికి ఏటా వచ్చే ఆడిటర్ గారు ఈసారి అడిగిన మొదటి ప్రశ్న ఒక్క వాక్యం: "సూపర్‌జాప్‌ను మీ దగ్గర ఎవరెవరు నడపగలరండీ?" సూపర్‌జాప్ అంటే సిద్ధంగా ఉన్న ప్రోగ్రాముల్లోని బైట్లను నేరుగా మార్చేసే ప్రోగ్రామ్. ఎవరికి ఏ అనుమతి ఉందో చూసే భద్రతా వ్యవస్థ అయిన ర్యాక్‌ఎఫ్‌లో ఆ ప్రోగ్రామ్ పేరిట ఉన్న ప్రొఫైల్, అంటే అనుమతుల పత్రం, తెరిచి, అనుమతుల జాబితాలో కనబడిన ఐదు ఐడీలను కాగితం మీదికి ఎక్కించి, పది నిమిషాల్లో ఆయన చేతిలో పెట్టాను. ఆయన తృప్తిపడ్డారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు, ఎందుకంటే ఆయన అడిగింది ఎవరు నడపగలరని, నేను చెప్పింది ప్రొఫైల్‌లో ఎవరి పేర్లు రాసి ఉన్నాయని. మర్నాడు ఆయనను గడువు అడిగి, అసలు జవాబు వెతకడం మొదలుపెట్టాను. దానికి మూడు వారాలు పట్టింది.

నేను మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్నది 1998లో, అమీర్‌పేటలో. వైటూకే, అంటే 2000 సంవత్సరపు తేదీల సమస్య, పుణ్యమా అని కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 అన్న నాలుగు మాటలు బోర్డు మీద రాస్తే చాలు, గదులు నిండిపోయే రోజులవి. జాబ్‌లో, అంటే యంత్రానికి అప్పగించే పనిలో, ఏ ప్రోగ్రామ్ నడవాలో చెప్పే భాష జేసీఎల్. దాన్ని మాకు చెప్పిన మాస్టారు "పీజీఎం ఈక్వల్స్ తర్వాత ఏ పేరు రాస్తే ఆ ప్రోగ్రామ్ నడుస్తుంది" అని చెప్పి ముందుకు వెళ్లిపోయారు. ఆ వయసులో అంతకు మించి అక్కర కూడా లేదు. ఆ వాక్యంలో ఎన్ని షరతులు దాగి ఉన్నాయో, హైదరాబాదులో కూర్చుని వేరే దేశపు బీమా సంస్థ ఒకదాని జెడ్ ఓఎస్ (మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) వ్యవస్థకు భద్రత చూసే పనిలో పడ్డాక గాని తెలిసిరాలేదు.

పేరు రాయగానే వ్యవస్థ ఏం చేస్తుందో ముందు చెప్పాలి. ఎనిమిది అక్షరాలకు మించని ఆ పేరును అది మొదట జాబ్ తనతో తెచ్చుకున్న లైబ్రరీల్లో, అంటే స్టెప్‌లిబ్‌లో గాని జాబ్‌లిబ్‌లో గాని వెతుకుతుంది, అక్కడ లేకపోతే అందరికీ ఉమ్మడిగా జ్ఞాపకంలో ఉండే లింక్ ప్యాక్ ఏరియాలో చూస్తుంది, అక్కడా లేకపోతే సిస్1.లింక్‌లిబ్ వంటి లైబ్రరీల వరుస అయిన లింక్‌లిస్ట్‌లో వెతుకుతుంది. అంటే ఒకే పేరుతో రెండు చోట్ల రెండు ప్రోగ్రాములు ఉండవచ్చు, వాటిలో ఏది నడవాలో జేసీఎల్ రాసినవాడే నిర్ణయించవచ్చు. ఈ చిన్న సంగతిని మరచిపోయి పెట్టిన కాపలా ఎంత గట్టిదైనా ఒక పక్క తలుపు తెరిచే ఉంటుంది.

సూపర్‌జాప్ అసలు పేరు ఏఎంఏఎస్‌పీజెడ్‌ఏపీ. దాని పని చాలా సూటి: యంత్రభాషలోకి అనువాదమై, లింకై, నడవడానికి సిద్ధంగా లోడ్ లైబ్రరీలో కూర్చున్న ప్రోగ్రామ్‌లోని బైట్లను నేరుగా మార్చడం. ఫలానా స్థానంలో ఫలానా బైట్లు ఉన్నాయో లేదో సరిచూడమని ఒక వరుస, ఉంటే వాటి బదులు వీటిని పెట్టమని మరో వరుస రాస్తే చాలు. ఒక ఉదాహరణ చూడండి. ఖాతాలో సొమ్ము తక్కువైతే తిరస్కరించే దారికి మళ్లమని చెప్పే ఆదేశం యంత్రభాషలో 4740 అని మొదలవుతుంది. అందులో రెండో 4ను 0 చేసి 4700గా మారిస్తే, ఆ ఆదేశం ఏ పరిస్థితిలోనూ ఎక్కడికీ మళ్లదు, తిరస్కారం అన్నదే ఉండదు. ప్రోగ్రామర్ రాసిన కోబాల్ మూలంలో ఒక్క అక్షరం మారదు, కంపైల్ లిస్టింగ్ ఉండదు, మార్పుల నిర్వహణ వ్యవస్థలో నమోదు ఉండదు. మాడ్యూల్ (సిద్ధమైన ప్రోగ్రామ్) లోపల గుర్తింపు రికార్డుల్లో సూపర్‌జాప్ ముట్టుకున్నట్లు ఒక ఆనవాలు మిగులుతుంది గాని, దాన్ని తీరిగ్గా తెరిచి చూసేవాళ్లు ఎందరుంటారు?

ఇక్కడ ఒక అభ్యంతరం తరచుగా వినిపిస్తుంది. డేటాసెట్లకు (మెయిన్‌ఫ్రేమ్‌లో ఫైళ్లకూ లైబ్రరీలకూ ఉన్న పేరు) సరైన రక్షణ ఉంటే చాలదా, సూపర్‌జాప్ అయినా ఆ లైబ్రరీని తెరిచేటప్పుడు ర్యాక్‌ఎఫ్ అనుమతి అడగక తప్పదు కదా, అలాంటప్పుడు ప్రోగ్రామ్‌కు వేరే తాళం ఎందుకు అని. ఈ వాదన సగం సరైనది. ఆ లైబ్రరీ మీద రాసే హక్కు లేనివాడు సూపర్‌జాప్‌తోనూ ఏమీ చేయలేడు. కాని ఆ హక్కు ఉన్నవాడికి, అంటే విడుదల బృందంలో పనిచేసేవాడికి, మామూలు దారి ఒకటి ఉంది, ఆ దారిలో సాక్షులున్నారు. సూపర్‌జాప్ సాక్షులు లేని దారి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇంటివాడికి దొడ్డిదారి కూడా చూపిస్తే ఇక చెప్పేదేముంది? పైగా కొన్ని ప్రోగ్రాముల విషయంలో డేటాసెట్ కాపలా అసలే అక్కరకు రాదు. టేపులకు కొత్త లేబుళ్లు రాసే ఐఈహెచ్‌ఐఎన్‌ఐటీటీ, ఆ టేపుకు గడువు తీరిందా లేదా, రక్షణ ఉందా లేదా అన్నది చూడకుండా పాత లేబుల్ మీద కొత్తది రాసేయగలదు. అందుకే దానికి ప్రోగ్రామ్ స్థాయిలోనే కట్టడి పెట్టుకొమ్మని ఐబీఎం తన గ్రంథాల్లో హెచ్చరిస్తుంది.

వ్యవస్థ తనంతట తాను పెట్టుకున్న కట్టడి ఇంకొకటి ఉంది, అది ఏపీఎఫ్, అంటే ఏ ప్రోగ్రాములకు వ్యవస్థ స్థాయి అధికారం ఉండవచ్చో చూసే ఏర్పాటు. అనధికార ప్రోగ్రామ్ ఏదీ వ్యవస్థ రక్షణలను దాటిపోలేదనీ, అలా దాటగల లొసుగు బయటపడితే సరిదిద్దే బాధ్యత తమదేననీ ఐబీఎం 1973లో ఒక ప్రకటన చేసింది. ఆ మాట నిలబడడానికి ఆధారం ఏపీఎఫ్. ఒక ప్రోగ్రామ్‌కు అధికారం రావాలంటే అది లింకయినప్పుడే ఏసీ 1 అన్న గుర్తు వేయించుకోవాలి, అదీకాక వ్యవస్థ అమరికలుండే పార్మ్‌లిబ్ జాబితాలో నమోదైన లైబ్రరీ నుంచి మాత్రమే రావాలి. రెండింటిలో ఏది లోపించినా అధికారం లేనట్లే. స్టెప్‌లిబ్‌లో వరుసగా పేర్చిన లైబ్రరీల్లో ఒక్కటి జాబితాలో లేకపోయినా ఆ వరుస మొత్తానికీ అధికారం పోతుంది, ప్రోగ్రామ్ ఎస్047 అబెండ్‌తో, అంటే అర్ధాంతరపు ముగింపుతో, కూలిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలు ఈ అబెండ్ చూసి కంగారుపడి, వెంటనే ఆ లైబ్రరీని కూడా జాబితాలో చేర్చేయమని అడుగుతారు. దయచేసి చేర్చకండి. ఆ లైబ్రరీలో రాసే హక్కు ఎందరికుంటే అందరి చేతికీ వ్యవస్థ తాళాలు ఇచ్చినట్లవుతుంది.

ఇక ర్యాక్‌ఎఫ్‌లో ప్రోగ్రాములకు ప్రత్యేకించిన ప్రొఫైళ్ల వర్గం, ప్రోగ్రామ్ క్లాసు. ఇందులో ఒక ప్రొఫైల్ మూడు సంగతులు చెబుతుంది: ప్రోగ్రామ్ పేరు, అది ఉన్న లైబ్రరీ, ఆ లైబ్రరీ ఉన్న డిస్కు. అందరికీ మూసేసి, కావలసినవారికి మాత్రమే రీడ్ అనుమతి ఇస్తే, మిగిలినవారు నడపబోయినప్పుడు జాబ్ ఎస్306 అబెండ్‌తో ఆగిపోతుంది. మా దగ్గర నాకు మొదట దొరికిన లొసుగు ఈ మూడో సంగతిలోనే ఉంది. ఎన్నో ఏళ్ల కిందట ఈ ప్రొఫైల్ రాసినవారు డిస్కు పేరును అక్షరాలా రాశారు. ఆ తర్వాత జెడ్ ఓఎస్ కొత్త వెర్షన్‌కు మారినప్పుడల్లా సిస్టమ్ డిస్కును కొత్తదానికి నకలు తీసి, దాని నుంచి ఐపీఎల్ చేస్తూ, అంటే వ్యవస్థను మొదలుపెడుతూ, వచ్చారు. కొత్త డిస్కు పేరు వేరు. ప్రొఫైల్ జాబితాలో ఉంది, అందులో ఐదు పేర్లూ ఉన్నాయి, నివేదికల్లో ముచ్చటగా అచ్చవుతోంది, కాని అది చెబుతున్న డిస్కు ఇప్పుడు వాడుకలో లేనే లేదు. పేరు రాయాల్సిన చోట ఆరు నక్షత్ర గుర్తులు (******) పెడితే ప్రస్తుతం ఐపీఎల్ అయిన డిస్కు అని అర్థం, అసలేమీ రాయకపోతే ఏ డిస్కైనా సరే అని అర్థం. ఇంత చిన్న సదుపాయాన్ని వాడుకోకపోవడం వల్ల, నేను ఆడిటర్ గారికి ఇచ్చిన ఐదు పేర్ల జాబితా ఆ రోజున ఎవరినీ ఆపడం లేదు. ఆ సంగతి ఆయనకు ఫోన్ చేసి చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం తడబడిందని ఒప్పుకోవాలి.

రెండో లొసుగును నాకు చాలా ఏళ్ల కిందటే మా సీనియర్ ఒకాయన చూపించారు. అప్పుడు మేము సంస్థలోనే రాసుకున్న, ఫైళ్లలో రికార్డులను నేరుగా దిద్దే ప్రోగ్రామ్ ఒకదానికి కట్టడి పెట్టి, పని అయిపోయిందనుకున్నాం. ఆయన నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇటివ్వు బాబూ" అని కీబోర్డు తన వైపు తిప్పుకుని, ఐఎస్‌పీఎఫ్ మెనూలో కాపీలు తీసే 3.3 తెరిచి, ఆ మాడ్యూల్‌ను తన సొంత లోడ్ లైబ్రరీలోకి కాపీ చేసి, స్టెప్‌లిబ్‌లో ఆ లైబ్రరీ పేరు పెట్టి జాబ్ వదిలారు. అది నిక్షేపంగా నడిచింది. ప్రొఫైల్ కాపలా కాస్తున్నది ఆ లైబ్రరీలోని ఆ ప్రోగ్రామ్‌ను, నకలును కాదు. చివరికి ప్రొడక్షన్ ఫైలు తెరవబోయేసరికి డేటాసెట్ ప్రొఫైల్ అడ్డుపడి ఎస్913తో ఆగింది గాని, ప్రోగ్రామ్ మీద మేము పెట్టిన తాళం మాత్రం తాళమే కాదని తేలిపోయింది.

దీనికి మందు, లైబ్రరీ మీద రీడ్ బదులు ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వడం. ఎగ్జిక్యూట్ ఉన్నవారు ప్రోగ్రామ్‌ను నడపగలరు గాని చదవలేరు, కాపీ చేయలేరు. లింక్‌లిస్ట్‌లో ఉన్న లైబ్రరీలకైతే నడపడానికి ఆ అనుమతి కూడా అక్కరలేదు, ఎందుకంటే వాటిని వ్యవస్థే తెరిచి ఉంచుతుంది. నకలు తీసినా ఏపీఎఫ్ అధికారం కావలసిన ప్రోగ్రాములు సొంత లైబ్రరీ నుంచి పనిచేయవు కాబట్టి, ఆ మేరకు రెండు కట్టడులూ ఒకదానికొకటి తోడుంటాయి. అయితే ఎగ్జిక్యూట్‌కు మార్చిన వారానికే డెవలపర్లు మా మీద విరుచుకుపడ్డారు: ప్రోగ్రామ్ కూలితే డంపు (ఆ క్షణంలోని జ్ఞాపకం నకలు) రావడం లేదు. చదవకూడని ప్రోగ్రామ్‌ను డంపులో చూడనివ్వడం కూడా చదవనివ్వడమే కనుక వ్యవస్థ దాన్ని ఆపేస్తుంది. డంపు నిజంగా అవసరమైనవారికి వ్యవస్థ సదుపాయాల అనుమతులుండే ఫెసిలిటీ క్లాసులో ఐఈఏఏబీడీ.డీఎంపీఏయూటీహెచ్ అన్న ప్రొఫైల్ ద్వారా అనుమతి ఇచ్చి గొడవ తీర్చాం.

ఇంతవరకు ఒక ప్రోగ్రామ్‌ను నడపనివ్వకుండా ఆపడం గురించి చెప్పాను. దీనికి తిరగేసిన అవసరం కూడా ఉంటుంది: ఫలానా గుమస్తా జీతాల ఫైలును మార్చవచ్చు, కాని ఫలానా ప్రోగ్రామ్ ద్వారా మాత్రమే మార్చాలి. ర్యాక్‌ఎఫ్‌లో డేటాసెట్ అనుమతికి ఇలాంటి షరతు తగిలించవచ్చు, దీన్ని మేము ప్యాడ్స్ అంటాం. ఇది పనిచేయాలంటే ఆ గుమస్తా అడ్రస్ స్పేస్‌లో, అంటే అతని పనికి కేటాయించిన జ్ఞాపకంలో, అంతవరకు లోడైన ప్రోగ్రాములన్నీ కట్టడిలో ఉన్నవే, అంటే ప్రోగ్రామ్ క్లాసులో నమోదైనవే, అయివుండాలి. కట్టడిలో లేని ప్రోగ్రామ్ ఒక్కటి ముందుగా లోడైనా, అది జ్ఞాపకంలో పొంచి ఉండి, జీతాల ప్రోగ్రామ్ తెరిచిన ఫైలును తాను వాడుకునే అవకాశముంది కాబట్టి, షరతుతో ఇచ్చిన అనుమతి చెల్లదు.

మా బృందంలోని తెలుగువాళ్లం దీనికి పెట్టుకున్న మాట మైలపడడం. మా నాయనమ్మ మడి కట్టుకుని వంట చేస్తుండగా బడి నుంచి వచ్చిన నేను పొరపాటున చీర అంచు తాకితే చాలు, అంతసేపటి మడీ పోయినట్లే, మళ్లీ తలస్నానం చేసి తడి బట్ట కట్టుకుంటే గాని వంటింట్లోకి వెళ్లేది కాదు. ఆ ఆచారం మీద నా అభిప్రాయాలు వేరే సంగతి గాని, దాని తర్కం మాత్రం అచ్చంగా ఇదే. తాకినవాడు తర్వాత పక్కకు తప్పుకున్నంత మాత్రాన మైల పోదు. అందుకే మెయిన్‌ఫ్రేమ్‌తో నేరుగా పనిచేసే టీఎస్‌ఓ తెరలో పొద్దున్నుంచీ నానా రకాల ప్రోగ్రాములు వాడిన గుమస్తా, సాయంత్రం జీతాల ప్రోగ్రామ్ పిలిస్తే తిరస్కారమే ఎదురవుతుంది. అలాంటప్పుడు టీఎస్‌ఓ ఎగ్జెక్ అన్న ఆదేశంతో పిలిస్తే ఆ ప్రోగ్రామ్‌కు మైల సోకని కొత్త పరిసరం దొరుకుతుంది. ఇంకా గట్టి కట్టడి కావాలంటే ఎన్‌హాన్స్‌డ్ పద్ధతి ఉంది, అందులో పరిసరాన్ని మొదలుపెట్టిన ప్రోగ్రామ్ కూడా మెయిన్ అని మనం ప్రత్యేకంగా గుర్తు వేసినదే అయివుండాలి. నా మటుకు నాకు ప్యాడ్స్ వాడితే ఈ పద్ధతిలోనే వాడాలనిపిస్తుంది, లేకపోతే ఆ షరతుల మీద అంత నమ్మకం పెట్టుకోను.

మైల ఎంత దూరం పోతుందో ఒక ఆదివారం రాత్రి చూశాం. ఐపీఎల్ అయింది, అన్నీ లేచాయి, ఫైళ్లు పంపుకునే ఎఫ్‌టీపీ కూడా లేచింది, కాని ఎవరు లాగిన్ కాబోయినా పాస్‌వర్డ్ దగ్గరే విఫలమవుతోంది. పాస్‌వర్డులు సరైనవే. తెల్లవారితే భాగస్వామ్య సంస్థల నుంచి ఫైళ్లు రావాలి. ఒకరు నెట్‌వర్క్ అన్నారు, ఒకరు సర్టిఫికెట్లు అన్నారు. రెండు గంటల తర్వాత కన్సోల్ లాగ్‌ను వెనక్కి తిప్పుతూ పోతే ఐసీహెచ్420ఐ సందేశం ఒకటి కనబడింది: ఫలానా లైబ్రరీ నుంచి వచ్చిన ఫలానా ప్రోగ్రామ్ వల్ల పరిసరం కట్టడి తప్పింది. ఆ ప్రోగ్రామ్ ఎఫ్‌టీపీ మధ్యలో పిలిచే మా సొంత ఎగ్జిట్, పాస్‌వర్డ్ ఇచ్చినవారిని ఇంకొకసారి సరిచూసుకోవడానికి మేమే రాసుకున్నది. దాన్ని ఆ వారమే కొత్త లైబ్రరీకి మార్చారు. ఆ లైబ్రరీని ఏపీఎఫ్ జాబితాలో చేర్చారు, అది సరైనదే. కాని ప్రోగ్రామ్ క్లాసులో చేర్చలేదు. ఏపీఎఫ్ అధికారం వేరు, ప్రోగ్రామ్ కట్టడి వేరు, ఒకటుంటే రెండోది ఉన్నట్లే అనుకోవడం మా పొరపాటు. తెర వెనుక నడుస్తూ ఇతరుల ఐడీలోకి మారగల ప్రోగ్రాములైన డెమన్‌లకు బీపీఎక్స్.డెమన్ ప్రొఫైల్ పెట్టుకున్న చోట పరిసరం శుభ్రంగా లేకపోతే జెడ్ ఓఎస్‌లోని యూనిక్స్ భాగం వాటిని ఆ ఐడీల్లోకి మారనివ్వదు. లైబ్రరీని ప్రొఫైల్‌లో చేర్చి, మార్పు అమల్లోకి వచ్చేలా రిఫ్రెష్ ఇచ్చి, ఎఫ్‌టీపీని ఆపి మళ్లీ లేపేసరికి నాలుగున్నర అయింది.

యూనిక్స్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. జెడ్ ఓఎస్‌లోని యూనిక్స్ వైపు ఫైళ్లకు ప్రోగ్రామ్ క్లాసు ఉండదు, ఫైలుకే పీ అన్న గుర్తు వేస్తారు, ఏపీఎఫ్ అధికారానికి ఏ అన్న గుర్తు. ఫైలును ఎవరైనా మారిస్తే ఈ గుర్తులు వాటంతటవే పోతాయి, అది మంచి ఏర్పాటు. గుర్తులు వేసే హక్కు ఎవరికుందో మాత్రం ఫెసిలిటీ క్లాసులో వేరుగా చూసుకోవాలి. పాత మెయిన్‌ఫ్రేమ్ వాళ్లం చాలామందిమి ఈ వైపు తొంగిచూడం, అదే మన బలహీనత. 2012లో స్వీడన్‌లో లాజికా అనే ఐటీ సేవల సంస్థ మెయిన్‌ఫ్రేమ్‌లోకి చొరబడినవారు పట్టు సంపాదించింది ఈ యూనిక్స్ వైపు నుంచే. ఆ కేసులో పైరేట్ బే అనే ఫైళ్ల పంపిణీ వెబ్‌సైట్ వ్యవస్థాపకుల్లో ఒకరైన గాట్‌ఫ్రిడ్ స్వార్త్‌హోమ్ వార్గ్‌ను 2013లో అక్కడి కోర్టు దోషిగా తేల్చింది. అప్పటినుంచి సెట్‌యూఐడీ గుర్తున్న, అంటే ఎవరు నడిపినా తమ యజమాని అధికారంతో నడిచే, ఫైళ్ల జాబితాను నెలకొకసారి తీసి చూస్తున్నాను. సూపర్‌జాప్ లెక్క ఐదుగురిదో ఆరుగురిదో ఉంటుంది గాని, ఈ జాబితా మొదటిసారి తీసినప్పుడు నాలుగు పేజీలు వచ్చింది.

ఇక ఆడిటర్ గారి ప్రశ్న. డిస్కు పేరు సరిచేశాను, సిస్1.లింక్‌లిబ్‌ను చదివే హక్కును అందరి నుంచీ తీసేశాను, ఆ లైబ్రరీ నకళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి వాటికీ అదే చేశాను. నకళ్లు చాలానే దొరికాయి, అప్‌గ్రేడ్ కోసం తీసి వదిలేసిన పాత సిస్టమ్ డిస్కుల మీదే ఎక్కువ. చివరికి మళ్లీ ఆ ఐదు ఐడీల దగ్గరికే వచ్చాను. నలుగురు సిస్టమ్ ప్రోగ్రామర్లు. ఐదోది మనిషి కాదు, రాత్రి బ్యాచ్ జాబులను వదిలే షెడ్యూలర్ ఐడీ. ఎప్పుడో ఒక వారాంతంలో అత్యవసరంగా ఒక దిద్దుబాటు వేయాల్సి వచ్చి, తాత్కాలికంగా అనుమతి ఇచ్చారట. ఆ తాత్కాలికానికి తొమ్మిదేళ్లు.

షెడ్యూలర్ తనంతట తాను ఏమీ నడపదు. ఒక జేసీఎల్ లైబ్రరీలో ఉన్న జాబును చెప్పిన వేళకు తన ఐడీ మీద వదులుతుంది. అంటే ఆ లైబ్రరీలో ఒక మెంబర్‌ను, అంటే అందులోని ఒక ఫైలును, మార్చగలిగినవాడు, పీజీఎం ఈక్వల్స్ తర్వాత ఏఎంఏఎస్‌పీజెడ్‌ఏపీ అని రాసి, రాత్రి రెండింటి వరకు ఓపిక పడితే చాలు. ఆ లైబ్రరీ మీద రాసే హక్కు రెండు గ్రూపులకు ఉంది. ఆ గ్రూపుల్లో ఉన్నవారిని లెక్కపెడితే ముప్ఫై నాలుగు మంది తేలారు, వారిలో ఇద్దరు సంస్థ వదిలి వెళ్లిపోయి చాలాకాలమైంది.

ఐదు పేర్ల కాగితాన్ని వెనక్కి తీసుకుని, నలుగురు సిస్టమ్ ప్రోగ్రామర్లూ ఈ ముప్ఫై నాలుగు మందీ కలిసిన ముప్ఫై ఎనిమిది పేర్ల కాగితాన్ని ఆడిటర్ గారికి ఇచ్చాను. ఆయన పై నుంచి కిందికి ఒకసారి చూసి, "ఇందులో మీ పేరు కూడా ఉందేమిటండీ?" అన్నారు. ఉంది మరి, రెండో గ్రూపులో నేనూ ఉన్నాను. షెడ్యూలర్ ఐడీకి ఉన్న అనుమతిని ఆయన ఎదుటే తీసేసి, రిఫ్రెష్ ఇచ్చి, ఆ తర్వాత ఆ గ్రూపు నుంచి నన్ను తీసేయమని మా మేనేజరుకు మెయిల్ పెట్టాను.